అక్క చేతి పాలు

మా అక్క పోయిందన్న కబురు మొదట నాకు రాలేదు. నా కూతురికి తెలిసింది. నా కూతురు ఫోన్ చేసి చెబితే నాకు తెలిసింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా తోటికోడలు. పెనుకొండలో ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకుని బతికినవాళ్ళం. ఆమె పుట్టిల్లు ధర్మవరం. నా కూతురు అక్కడే పట్టుచీరల దుకాణంలో పని చేస్తుంది. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా అక్కే. పుట్టింటికని వెళ్ళిన మనిషి, ముందు నా కూతురి గదికి పోయింది. అన్నం కలిపి దానికి పెట్టింది. చేయి కడుక్కుని, రొమ్ములో ఏదో పట్టేసినట్టుందని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రికి ఆటో పిలిచేలోగా అయిపోయింది.

ఆ వేళప్పుడు నేను హిందూపురంలో రీలింగ్ బట్టీ దగ్గర, వేడినీళ్ళలో మరుగుతున్న పట్టుగూళ్ళ నుంచి దారం తీస్తున్నాను. నా కూతురు ఎంత ఎదిగినా నాకు పాపే; ఫోన్లో పాప ఏడుపు వినగానే నాకూ ఏడుపు వచ్చింది. దాని వెనకాలే కడుపులో మంట కూడా వచ్చింది. పోయేటప్పుడు కూడా నా బిడ్డ పక్కనే ఉండి పోయింది కదా అని.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను. మా అక్క గురించి మంచి తప్ప చెప్పడానికి ఇంకేమీ దొరకకపోవడమే నాకు మొదటి నుంచీ ఉన్న బాధ.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆమెకు వీధిలో పేరుంది. ఆమె చల్లిన కల్లాపి చూసి పక్కింటివాళ్ళు తమ వాకిలి మళ్ళీ ఊడ్చుకునేవాళ్ళు. ఆమె నూరిన చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి రుచికి మా మామ ఒక సంగటి ముద్ద ఎక్కువ తినేవాడు. అదే ఊరిబిండి నేను నూరితే, "బాగుండాది మా, రోంత ఉప్పెక్కువ" అనేవాడు. నాది హిందూపురం పక్క పల్లె. మాటల్లో కన్నడం దొర్లుతుంది. డబ్బును నేను దుడ్లు అన్నప్పుడల్లా అక్క నవ్వేది.

"మీ ఊర్లో దుడ్లు, మా ఊర్లో లెక్క. యా పేరు పెట్టి పిల్సినా మన తావకు మటుకు రాదు గదా మే!" అనేది. ఇల్లంతా నవ్వేది. నేను కూడా నవ్వేదాన్ని. లోపల మాత్రం, ఈ మాట నాకెందుకు తట్టలేదా అనుకునేదాన్ని.

ఆమెకు పిల్లలు లేరు. నాకు పాప పుట్టింది. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పాప పాలు మరిచాక నేను బట్టీ పనికి పోవాల్సి వచ్చింది. పొద్దున పాసింజరు రైలుకు నేను బయలుదేరేసరికి పాప నిద్రలో ఉండేది. తిరిగి వచ్చేసరికి అక్క ఒళ్ళో నిద్రపోతూ ఉండేది. ఎత్తుకోబోతే ఉలిక్కిపడి "పెద్దమ్మా" అని ఏడ్చేది. నా చేతులకు ఉడికిన పట్టుపురుగుల వాసన ఉంటుందని నాకు తెలుసు. సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగేదాన్ని. అయినా పాప ముక్కు తిప్పుకునేది.

ఇంట్లో రెండు పాడి పశువులుండేవి. ఒకటి ఎనుము, అదే బర్రె. రెండోది హిందూపురం సంతలో కొన్న సీమావు. రెండూ అక్క చేతి కిందే. చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోసేది. పొద్దున్నే పాప కళ్ళు నులుముకుంటూ కొట్టంలోకి పోయి, తన చిన్న ఇత్తడి గ్లాసు పట్టుకుని ఆవు పక్కన నిలబడేది. అక్క రెండు ధారలు నేరుగా ఆ గ్లాసులోకి పిండేది. గ్లాసు నిండా నురగ. పొదుగు వెచ్చదనం పోకముందే తాగితే పిల్లలకు ఒంట పడుతుందని మా అందరి నమ్మకం. పాప తాగి, పై పెదవి మీద తెల్ల మీసంతో ఇల్లంతా తిరిగేదట. ఆ మీసాన్ని నేను ఆదివారాలు మాత్రమే చూశాను. మిగిలిన రోజులన్నీ ఆమెవే.

తొంభైల మధ్యలో మా మామకు దగ్గు పట్టుకుంది. మా వైపు ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరికైనా విడవని దగ్గు వస్తే, పిల్లలకు అంటుతుందని ఆ మనిషి మంచాన్ని గొడ్ల కొట్టంలోకి మార్చేవాళ్ళు. దూరం పెట్టినట్టు కాకుండా మర్యాదగానే చేసేవాళ్ళు. గొడ్ల ఊపిరి, గంజు అంటే గొడ్ల ఉచ్చ వాసన రొమ్ముకు మంచిదని చెప్పి మరీ పండబెట్టేవాళ్ళు. మామ మంచం సీమావు మేత మేసే గాడి పక్కనే వేశాం. ఆయన దగ్గి దగ్గి గాడి పక్కనే ఉమ్మేవాడు. ఆయన తాగగా మిగిలిన గంజిని, పారబోయడం ఎందుకని కుడితి తొట్టిలో పోసేవాళ్ళం. ఆవు ఆ కుడితి తాగేది. బలానికని ఆవు పచ్చిపాలు మామకు ఇచ్చేవాళ్ళం. అవే పాలు పాపకు. బిడ్డను కాపాడుకుంటున్నాం అనుకుని మేమంతా కలిసి చేసిన ఏర్పాటు అది.

ఒక ఆదివారం పాపకు తల దువ్వుతుంటే, చెవి కింద మెడ మీద చేతికి గడ్డ తగిలింది. దాని కింద ఇంకొకటి. నొప్పి లేదంది. ఆ గడ్డలను మొదట చూసింది నేను. మా ఇంట్లో ఈ ఒక్క ఘనత నాది, దీన్ని ఎవరికీ ఇవ్వను. ఆకు పసరు కడదామన్నాడు మా బావ, అక్క మొగుడు. నేను వినలేదు. మరునాడు పని మానేసి హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్క కూడా వస్తానంది. వద్దనడానికి నోరు రాలేదు. రైల్లో పాప ఆమె ఒళ్ళోనే కూర్చుంది.

డాక్టరు గడ్డలు చూసి, పాప ముంజేతి మీద తోలు కింద చిన్న సూది వేసి, వాపు వస్తుందేమో చూడాలి, మూడు రోజులకు రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు వాపు వచ్చి ఉంది. గడ్డ నుంచి సూదితో నీరు తీసి పరీక్షకు కూడా పంపారు. చివరికి క్షయ అని చెప్పాడు. క్షయ అంటే దగ్గు కదా, పాపకు దగ్గే లేదు కదా అన్నాను.

"మెడ గడ్డలకూ వస్తుందమ్మా. ఇంట్లో దగ్గేవాళ్ళున్నారా? పాప పచ్చిపాలు తాగుతుందా?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి అక్క చెప్పింది. "నా చేత్తోనే ఇచ్చినా సార్. దినామూ ఇచ్చినా. కాయకుండా ఇచ్చినా."

ఆ క్షణంలో నాకేమనిపించిందో చెబుతాను. ఆ డాక్టరు నోటి నుంచి "ఈ పాల వల్లే" అనే మాట రావాలని గట్టిగా కోరుకున్నాను. ఒక్కసారైనా ఆమె చేయి తప్పు చేయి కావాలని. పాప ఒక్కసారైనా నా వైపు జరగాలని.

డాక్టరు ఆ మాట అనలేదు. "ముసలాయన దగ్గు నుంచి వచ్చిందో, పాల నుంచి వచ్చిందో నేను చెప్పలేను. రెండూ ఆపాల్సిందే. ఆయన్నూ తీసుకురండి. పశువులకు కూడా పరీక్ష చేయించండి" అన్నాడు. వైద్యం క్రమం తప్పకుండా చేస్తే పాపకు నయమవుతుందని, మధ్యలో మానితే మాత్రం చేయి దాటిపోతుందని గట్టిగా చెప్పాడు. మధ్యలో మానితే అన్న మాట నా తలలో గుచ్చుకుపోయింది. ఇంట్లో చేదు మందంటే నోరు బిగించే పిల్ల అది.

పశువుల డాక్టరు మా ఇంటికి వచ్చాడు. కొట్టంలో గాడి పక్కన మామ మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈయప్పను ఈడ ఎవురు పండుకోబెట్నారు?"

"మేమే సార్. పిల్లకు అంటకుండా" అంది అక్క.

"పిల్లకు అంటకుండా ఆవుకు అంటించినారా, ఆవే ఈయప్పకు అంటించిందా, యాడ మొదలైందో నేను గూడా చెప్పలేను. ముందు మంచం ఎత్తండి."

ఆవుకూ ఎనుముకూ మెడ మీద జుట్టు గొరిగి, తోలు కింద సూది వేశాడు. మూడు రోజులకు వచ్చి వేళ్ళతో తోలు పట్టి చూశాడు. ఎనుముకు ఏమీ లేదు. సీమావుకు నిమ్మకాయంత వాపు. ఇదంతా చూస్తున్న పాప, "ఆవుకూ నాకూ ఒకే సూదా పెద్దమ్మా?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. నన్ను అడగలేదు.

ఆవును వేరుగా కట్టాలి, పాలు ఎవరికీ పోయకూడదు, అమ్మకూడదు అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. మామను ఆసుపత్రిలో చూపించి మందులు మొదలుపెట్టాం. మంచం గాలి తగిలే వసారాలోకి మార్చాం. ఆవు సంగతి మాత్రం తెగలేదు. అలాంటి గొడ్డును చడీచప్పుడు లేకుండా సంతకు తోలడమే అందరూ చేసే పని. దళారి కూడా దొరికాడు.

"సూసేకి బాగానే ఉండాది గదా. ఎవురికి తెలుస్తాది? మనమొక్కరమే అమ్ముతాండామా?" అన్నాడు బావ.

అక్క ఎప్పుడూ మొగుడికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు పలుపు చేతిలో పట్టుకుని కొట్టం గడపలో కూర్చుంది. "కొన్నోళ్ళ ఇంట్లో గూడా ఒగ పాప గ్లాసు పట్టుకోని నిలబడుంటాది. నా చేత్తో ఒగ బిడ్డకు ఇచ్చింది సాలు. ఇంగో బిడ్డకు తోలను" అంది. బావ అరిచాడు. ఆమె లేవలేదు. దళారి గడప ముందు నిలబడితే, అతనికి కూడా ఉన్నదంతా చెప్పింది. అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మరునాడు పాలు పోసే ఇళ్ళన్నిటికీ ఖాళీ క్యాను పట్టుకుని పోయింది. గడప గడపకూ నిలబడి, మా ఆవుకు జబ్బు ఉండాది, మా బిడ్డకు వచ్చింది, మీ పిల్లల మెడలు తడిమి చూసుకోండి, దగ్గు ఉంటే చూపించండి, ఇంగ ఎవురింటి పాలైనా కాయకుండా తాగద్దండి అని చెప్పింది. ఒక టీచరమ్మ వాకిట్లోనే తిట్టిపోసింది. పరువు పోయిందని బావ రెండు రోజులు అన్నం తినలేదు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, రోంత ఊరట కలిగింది. ఇప్పుడు వీధిలో ఎవరైనా మా ఇద్దరినీ పోలిస్తే నా వైపు మొగ్గుతారేమో అనుకున్నాను.

అదెంతకాలం! ఎనుముకు రోగం లేదని డాక్టరు రెండోసారి కూడా చూసి చెప్పాక, పాల కోసం మొదట వచ్చింది ఆ టీచరమ్మే. "చెప్పకుండా పోసేవాళ్ళ దగ్గర కంటే చెప్పిన మనిషి దగ్గరే మేలు" అందట. ఆమె వెనకాల మిగిలినవాళ్ళు. ఇంత జరిగినా పేరు పోకపోగా ఇంకా పెరిగింది. ఇలాంటి మనిషితో ఏ తోటికోడలు పోటీ పడగలదు, మీరే చెప్పండి.

పాలు పోస్తూ ప్రతివాళ్ళకూ చెప్పేది. "పొంగినంక దించేయద్దండి. మంట తగ్గించి రోంతసేపు ఉడకనీండి. మనం పొయ్యి తావ నిలబడకుంటే పాలు మన మాట ఇనవు." తనూ అలాగే నిలబడేది, పాల మీద నుంచి కన్ను తీయకుండా. ఆ సమయంలో ఇంటికి ఎవరొచ్చినా తలతిప్పేది కాదు.

సీమావును ఎర్రమంచి దారిలో ఉన్న మా చేనికి తోలుకుపోయి, రాళ్ళ దడి కట్టి వేరుగా ఉంచింది. ధర్మవరం నుంచి తెచ్చుకున్న మగ్గం గుడ్డ ముక్క ముక్కుకూ నోటికీ కట్టుకుని మేత వేసి వచ్చేది. వచ్చి, స్నానం చేసి, చీర మార్చుకున్నాకే పాపను దగ్గరికి రానిచ్చేది. ఆ ఆవు ఎండాకాలం దాకా బతికింది. చచ్చాక తోలు కోసం మనుషులు వస్తే ఇవ్వలేదు. డాక్టరు చెప్పినట్టే లోతుగా గుంత తవ్వించి, సున్నం పోసి పూడ్పించింది.

ఇక పాప మందులు. రోజు విడిచి రోజు పెనుకొండలోనే ఆసుపత్రిలో నర్సు ముందు మింగాలి. మొదటి రోజు నేనే తీసుకుపోయాను. నోట్లో వేసిన ప్రతి మాత్రనూ ఉమ్మేసింది. బుజ్జగించాను, బెదిరించాను, చివరికి నేనే ఏడ్చాను. రెండోసారి అక్క తీసుకుపోయింది. కొంగులో బొరుగులు కట్టుకుని పోయిందట. "నీకొగ మాత్ర, నాకొగ మాత్ర. ఎవురు ముందు మింగుతారో సూస్తాం" అని తను ఒక బొరుగు గింజను నాలుక మీద పెట్టుకుని, మహా చేదైనట్టు మొహం పెట్టి మింగిందట. పాప నవ్వుతూ మింగేసింది. నర్సు నాకు ఈ సంగతి చెప్పి, "ఇంగ మీరు రావద్దులేమ్మా, ఆయమ్మనే పంపండి" అంది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గడ్డలు కరిగిపోయి, ఇక చాలని డాక్టరు చెప్పేదాకా ఒక్క మాత్ర తప్పలేదు. నా బిడ్డ బతికింది. ఆమె చేతి మీద బతికింది.

ఇంకో తంటా పాలది. కాచిన పాలను పాప ముట్టుకునేది కాదు. నురగ లేదని గోల. అక్క కాచి చల్లార్చిన పాలను రెండు గ్లాసులతో తిరగబోసేది. పై చేయి నెత్తి దాకా లేచేది, కింది చేయి నడుము దగ్గర ఉండేది. సన్నటి ధార తెగకుండా దిగేది. గ్లాసు నిండా నురగ వచ్చేది. పాపకు మళ్ళీ మీసం. ఒక ఆదివారం నేనూ ప్రయత్నించాను. సగం పాలు నా చీర మీద పడ్డాయి. పాప పడీ పడీ నవ్వి, "అమ్మా, నీకు రాదులే, పెద్దమ్మకియ్యి" అంది. ఇచ్చాను. ఏం చేస్తాను!

ఒక్కసారి మాత్రం అక్క నాతో ఆ సంగతి ఎత్తింది. పాప మందులు అయిపోయిన రోజు, ఇద్దరం పొయ్యి దగ్గర ఉన్నాం. "నువ్వు ఆ పొద్దు తల దువ్వకుండా ఉన్నింటే ఏమయ్యేదో మే. నేను దినామూ దువ్వుతాండా, నా చేతికి తగల్లేదు సూడు" అంది.  ఆ మాటను ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు దాచుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అక్కను ధర్మవరం నుంచి తీసుకొచ్చి మా చేనులోనే, గట్టు పక్కన పెట్టాం. పాలు పోయించుకున్నవాళ్ళంతా వచ్చారు. టీచరమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న నా కూతుర్ని చూపించి ఎవరో అడిగారు, "ఆయమ్మ కూతురా?" అని. పాప తలెత్తి నా వైపు చూసింది. చాలా మంది చూశారు.

"ఊఁ, కూతురే" అన్నాను. 

మూడో రోజు పాలు పోయాలి. సమాధి మీద పచ్చిపాలు పోయడం మా ఆచారం. చెంబుతో పాలు సిద్ధంగా పెట్టారు. పాప ఆ చెంబు తీసుకుని లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

"ఏం పాపా, కాసిన పాలు ఎవురన్నా పోస్తారా? పచ్చివే పోయవల్ల" అన్నాడు వరుసకు బావయ్యే పెద్దాయన ఒకడు.

"కాయకుండా మా పెద్దమ్మకు ఇయ్యను" అంది పాప, పాల మీద నుంచి చూపు తిప్పకుండా. అచ్చం ఆమె నిలబడినట్టే నిలబడింది.

పెద్దాయన ఇంకేదో అనబోయాడు. "కాచినవే పోస్తాది. ఆయమ్మ పద్ధతి అదే" అన్నాను నేను.

చేనులో అందరూ చుట్టూ నిలబడ్డాక పాప సంచిలో నుంచి రెండు గ్లాసులు తీసింది. పై చేయి నెత్తి దాకా లేచింది. కింది చేయి నడుము దగ్గర ఉంది. ఏడుస్తూనే ఉంది, ధార మాత్రం తెగలేదు. గ్లాసు నిండా నురగ వచ్చాక వంగి, తల వైపు నెమ్మదిగా పోసింది.

తిరిగి వస్తుంటే గట్టు మీద అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. "నా వంతు వచ్చినప్పుడు నాకూ ఇట్లే కాసి పోస్తావా?"

పాప ముక్కు తుడుచుకుని నా చేయి పట్టుకుంది. "నీకు పాలు ఎందుకు మా, కాఫీ పోస్తాలే. నీకదే గదా ఇష్టం" అంది.

నాకు కాఫీ ఇష్టమని దానికి తెలుసు. ఆ చేయి వదలకుండానే ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఎర్రమన్ను పాలన్నీ పీల్చేసింది. తల వైపు నురగ మాత్రం ఇంకా మిగిలి ఉంది, తెల్లగా, బుడగలు ఒక్కొక్కటే పగులుతూ.